కాల్చే ముందు ఇంటిపేరు అడగవలెను

యుద్ధం మొదలైన తొలి వానాకాలంలో దేశ రక్షణ సేనకు ఎక్కువ నష్టం తూటాల వల్ల కలగలేదు. మైల వల్ల కలిగింది.

అది అంతర్యుద్ధం. పాత అధినేత కాలం చేశాక దేశాన్ని తాను రక్షిస్తానని ఆయన పెద్దకొడుకు అన్నాడు, కాదు తాను సంరక్షిస్తానని చిన్నకొడుకు అన్నాడు. రక్షణకూ సంరక్షణకూ తేడా ఏమిటో జనానికి అర్థమయ్యేలోగా దేశం రెండు ముక్కలైంది. గెడ్డకు ఇవతలి ఊళ్లు రక్షణ వారివయ్యాయి, అవతలి ఊళ్లు సంరక్షణ వారివయ్యాయి. గెడ్డ అంటే మహానదేమీ కాదు. వానలు పడితే నడుం లోతు, పడకపోతే మోకాలి లోతు. నిన్నమొన్నటి దాకా ఇవతలివాళ్లు అందులో గేదెల్ని కడిగేవారు, అవతలివాళ్లు ఆ నీళ్లలోనే బట్టలుతుక్కుంటూ ఇవతలివాళ్లను తిట్టేవారు. రెండు వైపులకూ అంతకు మించిన శత్రుత్వం ఉండేది కాదు.

చింతల గురువులు ఇవతలి సిపాయి. యుద్ధానికి ముందు అరటిగెలల బండి తోలేవాడు. సైన్యం బండిని తీసుకుంది. ఎడ్లు అతని మాట తప్ప ఇంకొకరి మాట వినవని తేలాక అతన్నీ తీసుకుంది. తరవాత ఎడ్లను ఎవరో అమ్ముకున్నారు, బండిని వంటచెరకుగా నరికేశారు, మనిషి మాత్రం సైన్యంలో మిగిలిపోయాడు. అతని భార్య నూకాలు తొలి కానుపుకి కన్నవారింటికి వెళ్లిన నెలలోనే గెడ్డ సరిహద్దు అయింది. కన్నవారిల్లు అవతల ఉంది. పురుడు పోసుకుందో లేదో, పుట్టింది ఆడో మగో, తల్లీ పిల్లా ఎలా ఉన్నారో గురువులుకి తెలియదు. కందకంలో నిలబడి చూస్తే అత్తవారి ఊళ్లో లేచే పొగ కనిపించేది. ఆ పొగ ఏ ఇంటిదో పోల్చుకోవడమే అతని కాలక్షేపం.

మిగిలిన కాలమంతా సిపాయి బతుకు. పొద్దున్నే కందకంలో చేరిన నీళ్లు తోడిపొయ్యాలి. చోడి అంబలి తాగి తుపాకీ తుడవాలి. ఎండ ఎక్కాక ఇసక బస్తాలను ఎడమ పక్కనుంచి కుడి పక్కకు మొయ్యాలి. ఎండ దిగాక, మేజర్ దండపాణి గారికి వ్యూహం మారితే, వాటినే వెనక్కి మొయ్యాలి. మేజర్ గారికి వ్యూహం రోజూ మారేది.

ఒక మంగళవారం నాడు మేజర్ గారి హుకుం మీద అందరూ కలిసి అవతలికి కాల్చారు. ఎవరి తూటా తగిలిందో గాని అవతల ఒకడు పడిపోయాడు. మధ్యాహ్నానికి గాలి ఇటు తిరిగింది. అవతలి ఏడుపులో పేరు వినబడింది. చింతల పోలయ్య.

గురువులు అంబలి గిన్నె కింద పెట్టేశాడు. పక్కవాడూ పెట్టేశాడు. ఆ దళంలో సగం మంది చింతలవారే.

"మా పెద్దయ్య కొడుకు బాబూ" అన్నాడు గురువులు మేజర్ గారి ఎదుట నిలబడి. అప్పటికే బూట్లు విప్పేశాడు. "మాకు మైల. సెలవు ఇప్పించండి."

"వాడు శత్రువు!" అన్నారు మేజర్ గారు.

"అవును బాబూ. శత్రువే. పెద్దయ్య కొడుకు."

మేజర్ గారు నియమావళి తెప్పించారు. అది శాంతికాలంలో రాసింది. దాయాది పోతే పదకొండు రోజులు, మేనత్త మేనమామల వైపు వారు పోతే మూడు రోజులు సెలవు ఇవ్వాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ పోయినవాడు ఎలా పోయాడో, ఎవరి చేతిలో పోయాడో విచారించాలని మాత్రం ఎక్కడా లేదు. సాయంత్రానికి కందకం సగం ఖాళీ అయింది. ఆ పూట మిగిలినవాళ్లు కూడా ఎవరూ సరిగ్గా తినలేదు. అదృష్టమేమంటే అవతలి దళంలోనూ సగం మంది చింతలవారే. వాళ్లకూ అదే నియమావళి. మైల తీరి గుండు తలలతో తిరిగివచ్చే దాకా గెడ్డ మీద కొంగలు తప్ప ఎవరూ కనిపించలేదు.

ముఖ్య కార్యాలయం గంగవెర్రులెత్తిపోయింది. సెలవు రద్దు చేద్దామంటే, సంప్రదాయాన్ని కంటికి రెప్పలా కాపాడతామన్నది రక్షణ ప్రభుత్వపు మొదటి వాగ్దానం. చివరికి ఒక ఉత్తర్వు వచ్చింది. మేజర్ గారు ఇసక బస్తా మీద నిలబడి చదివారు.

"ఇందుమూలముగా సమస్త సైనికులకు తెలియజేయడమేమనగా, బంధు వధ వలన కలుగు సిబ్బంది కొరతను నివారించు నిమిత్తం, ఇకమీదట శత్రువును కాల్చుటకు పూర్వం అతని ఇంటిపేరు, స్వగ్రామం, మాతృ వంశం విధిగా విచారించవలెను. ఎట్టి బంధుత్వమూ లేదని నిర్ధారణ అయిన మీదట మాత్రమే కాల్చవలెను."

ఉత్తర్వుతో పాటే బంధుత్వ నిర్ధారణాధికారి విశ్వపతి గారు కూడా దిగారు. పొట్టి మనిషి, జరీ అంచు కండువా, మడత కుర్చీ. పూర్వం ఆయన పట్నంలో పెళ్లిసంబంధాలు కుదిర్చే ఆఫీసు నడిపేవారు. ఆయన రేకుతో చేసిన పెద్ద గొట్టం ఒకటి గురువులు చేతికిచ్చి, "గంభీరంగా విచారించు. ఆడపెళ్లివారిలా తగ్గి మాట్లాడకు" అన్నారు.

మర్నాడు అవతల ఒక తలపాగా కనబడింది. గురువులు గొట్టం నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఓయ్, తలపాగా వోడా! నీ ఇంటిపేరేటి?"

తలపాగా ఇటు తిరిగింది. "ఎందుకూ?"

"కాల్సడానికి!"

"బోనెల!"

"ఏ బోనెలోరు? కొండకిందోరా, రేవోరా?"

"రేవోరమే! నువ్వెవులు?"

"సింతలోడిని! మీ మేనత్తని ఎవులికిచ్చినారు?"

"గుర్రప్పేట సింతలోరికే ఇచ్చినాం! సన్నాసికి!"

గురువులు గొట్టం దించి విశ్వపతి గారి వైపు తిరిగాడు. "సన్నాసి మా సిన్నాయన బాబూ." మళ్లీ గొట్టం ఎత్తాడు. "అయితే నాను నీకు బావనిరా!"

"ఓలమ్మో! దండాలు బావా! సిన్నత్త మోకాళ్ల నొప్పులు తగ్గినాయేటి?"

"దించండి తుపాకులు" అన్నారు విశ్వపతి గారు తలాడిస్తూ. "మేనత్త వైపు. మూడు రోజులు."

ఇలాగే సాగింది. అవతలి వారికీ అదే ఉత్తర్వు అందినట్టుంది, వాళ్లూ అడగడం మొదలుపెట్టారు. పొద్దున్న ఒకడి బంధుత్వం తేలేసరికి మధ్యాహ్నమయ్యేది. ఇంటిపేరు కలవకపోతే ఊరు కలిసేది, ఊరు కలవకపోతే తోడికోడలి పుట్టిల్లు కలిసేది. కాల్చదగిన శత్రువు ఒక్కడూ దొరకలేదు. మేజర్ గారు పళ్లు నూరుతూ బస్తాలు మోయించారు.

మూడో నాడో నాలుగో నాడో అవతలనుంచి కీచుగొంతు ఒకటి వినబడింది.

"గురువులు బావ ఉన్నాడేటి అక్కడ? నాను అసిరయ్యని!"

అసిరయ్య నూకాలు తమ్ముడు. గురువులుకి గొట్టం తీసుకోవడం కూడా గుర్తు రాలేదు. కందకంలోంచి నిలువునా పైకి లేచి నిలబడ్డాడు.

"అసిరీ! మీ అప్ప ఎలాగున్నాది?"

"ఆడగుంట పుట్టింది బావా! ఇద్దరూ బాగున్నారు!"

"తల దించరా వెధవా!" అని మేజర్ గారు కిందనుంచి అతని పంచె పట్టుకుని లాగుతున్నారు. యూనిఫాం నిక్కర్లు ఇంకా రాకపోవడం వల్ల ఆ దళం పంచెలతోనే పోరాడుతోంది.

"కూకో బావా!" అని అవతలనుంచి కూడా కేక వచ్చింది. "మా కాడ కొత్తోడొకడున్నాడు, అడక్కండా కాల్సేస్తాడు!"

గురువులు కూర్చోలేదు. "ఎవులి పోలిక?"

"నీ పోలికే, పాపం!"

అప్పుడు కూర్చున్నాడు. ఆ రోజంతా ఎవరు ఏం చెప్పినా నవ్వుతూనే ఉన్నాడు. బస్తాలు రెండేసి చొప్పున మోశాడు.

నెలాఖరుకు శత్రు నష్టం సున్నా అని పైకి తెలిపితే అక్కడివాళ్లు ఊరుకుంటారా? లోపం నియమంలో లేదు, సైనికుల ఎంపికలో ఉందని తేల్చారు. బంధువులున్నవాడి వల్ల ఈ యుద్ధం కాదు. బంధువులు లేని సైనికుడు కావాలి. దేశమంతా గాలిస్తే రొట్టెలు కాల్చే దళంలో ఒకడు దొరికాడు. పేరు దానయ్య. పొత్తిళ్లలో ఉండగా ఎవరో పట్నంలోని అనాథ శరణాలయం గుమ్మంలో వదిలి వెళ్లారు. శరణాలయం వాళ్లు దానంగా వచ్చాడని దానయ్య అన్నారు. ఇంటిపేరు రాయాల్సి వచ్చిన చోట శరణాలయం అని రాసేవారు.

"అద్వితీయుడు!" అన్నారు విశ్వపతి గారు దానయ్య చుట్టూ ఒకసారి తిరిగి. "తల్లి వైపు శూన్యం. తండ్రి వైపు శూన్యం. ఈ దేశంలో ఎవరినైనా నిరభ్యంతరంగా చంపగల ఏకైక వ్యక్తి."

అతని కోసం ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. బంధురహిత సైనికుడు జాతీయ సంపద. అతనికి రోజూ ఉడికించిన గుడ్లు పెట్టాలి. కందకానికి రెండు క్రోసుల వెనక పక్కా ఇంట్లో ఉంచాలి. బంధువులు గల సైనికులిద్దరు చెరో వైపు అడ్డం నిలబడితే తప్ప అతన్ని కందకంలోకి పంపరాదు. ఎందుకంటే వాళ్లు పోతే వేరేవాళ్లు దొరుకుతారు, ఇతను పోతే దొరకడు.

ఎడమ వైపు అడ్డం నిలబడే పని గురువులుకి పడింది. దానయ్య సన్నగా, పొడుగ్గా, మాట నెమ్మదిగా ఉండేవాడు. తనకిచ్చిన గుడ్లలో ఒకటి తీసి గురువులుకి ఇచ్చేవాడు.

"అవతలివాళ్లు నిన్ను బావా అని పిలుస్తుంటే ఎలా ఉంటుంది అన్నా?" అని అడిగాడొకసారి.

"ఎలాగుంటాది? పిలిస్తే పలుకుతాను. అప్పడిగితే పలకను."

"నన్ను ఎవరూ ఏ వరసా పెట్టి పిలవలేదు. దానయ్యా అంటారు. అంతే."

గురువులు గుడ్డు పెంకు తీశాడు. సగం విరిచి అతనికిచ్చాడు.

ఆ మధ్యాహ్నమే అవతల ఒక మనిషి బిందె పట్టుకుని నీళ్లకు దిగాడు. మేజర్ గారు ఎగిరి గంతేసి, "దానయ్యా, గురి పెట్టు!" అన్నారు. దానయ్య తుపాకీ భుజానికి ఆనించాడు. నియమం ప్రకారం కేక వేశాడు.

"ఇంటిపేరు?"

"పొట్నూరు అసిరయ్య!" అన్నాడు ఆ మనిషి బిందె ముంచుతూ. "గొంతుక కొత్తగున్నాది, నువ్వెవులివి బాబూ?"

"శరణాలయం దానయ్య."

అసిరయ్య బిందె వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. "అలాటి ఇంటిపేరు మా పక్కల ఎక్కడా లేదే!"

"బంధుత్వం లేదు. కాల్చవచ్చును" అన్నారు విశ్వపతి గారు కుర్చీలోంచి.

గురువులు దానయ్యను పట్టుకు ఆపితే సైనిక నేరం. అడ్డం వెళ్తే అదింకా పెద్ద నేరం. కాని గెడ్డ అవతలికి మాట్లాడటం నేరం కాదు, అది అతని డ్యూటీ.

"అసిరీ!" అని అరిచాడు. "మన సింహాలికి సంబంధం కుదిరిందేటి?"

సింహాలు అసిరయ్య చెల్లెలు, నూకాలు కన్నా చిన్నది.

"లేదు బావా!" అన్నాడు అసిరయ్య, తుపాకీ వైపే చూస్తూ.

"ఇక్కడో కుర్రోడున్నాడు! సుట్ట ముట్టడు! రోజూ గుడ్లెడతారు!"

"మంచోడేనా?"

"ఇంకా ఎవుల్నీ సంపలేదు!"

అసిరయ్య మొలలోతు నీళ్లలో చేతులు జోడించాడు. "అయితే నాకిష్టమే బావా! బేగి అడుగు ఆయన్ని!"

దానయ్య తుపాకీ దించలేదు. తల మాత్రం విశ్వపతి గారి వైపు తిప్పాడు.

"సార్, కుదరబోయే సంబంధం కూడా సంబంధమేనా?"

"కాదు!" అన్నారు మేజర్ గారు.

విశ్వపతి గారు కుర్చీలోంచి లేచారు. ఆయన ముఖంలో ఎన్నడూ లేని కళ వచ్చింది. "తొందరపడకండి మేజర్ గారూ. తాంబూలాలు పుచ్చుకుంటే సగం పెళ్లి అయినట్టే. నా వృత్తిలో అది మొదటి సూత్రం."

"ఇది యుద్ధరంగమండీ!"

"కనుకనే నియమం తప్పరాదు."

దానయ్య తుపాకీ దించాడు. అసిరయ్య వదిలేసిన బిందె కోసం నీళ్లలోకి వంగాడు.

మర్నాడు పొద్దున అవతలి గట్టు మీదికి సింహాలే స్వయంగా వచ్చింది. పిల్లను చూపించడానికి తీసుకొచ్చారని ఇవతలివాళ్లు అనుకున్నారు. ఆమె కొంగు నడుముకు దోపి, "ఎవులా దానయ్య?" అంది. దానయ్య లేచి నిలబడ్డాడు.

"మా అన్నని కాల్సడం మానేసినావని నిన్ను సేసుకోను. అలాగైతే ఊళ్లో మగోళ్లందర్నీ సేసుకోవాల. నన్ను సేసుకుంటే నీ ఉజ్జోగం పోద్ది, గుడ్లు పోతాయి. ఆలోసించుకున్నావా?"

"ఆలోచించాను."

"ఏటనుకున్నావు?"

"అందరూ నన్ను ఏదో ఒక వరస పెట్టి పిలుస్తారని" అన్నాడు దానయ్య.

సింహాలు నవ్వాపుకుని వెనక్కి తిరిగి, "సరే, తాంబూలాలు పంపించీయండి" అంది.

పెళ్లి గెడ్డ మధ్య ఇసకతిప్ప మీద జరిగింది. నియమావళిలో వివాహ సెలవు ఉంది కాబట్టి రెండు సైన్యాలూ హాజరయ్యాయి. మేజర్ గారు అభ్యంతరం తెలిపి, ఆ తరవాత పప్పన్నం తిన్నారు. వచ్చినవారు వచ్చిన గట్టుకే తిరిగి వెళ్లాలన్న షరతు మీద నూకాలు కూడా పిల్లను ఎత్తుకుని వచ్చింది. గురువులు మొదటిసారి కూతుర్ని చూశాడు. ఒంటి మీద మాసిన చొక్కా, ఎత్తుకోవాలంటే భయమేసింది. నూకాలే చేతుల్లో పెట్టింది.

"ఇన్నాళ్లూ ఏటి సేసినావు అక్కడ?" అంది.

"బస్తాలు మోసినాను."

"ఇదీ మొయ్యి కొంచెంసేపు. నా సేతులు పడిపోతన్నాయి."

సాయంకాలం బాకా ఊదాక పిల్లను తిరిగి ఆమె చేతికి ఇచ్చి ఇవతలికి నడిచాడు. నీళ్లు దాటుతూ వెనక్కి చూడలేదు. చూస్తే నడవలేనని అతనికి తెలుసు. ఆ వెనకే దానయ్య వస్తున్నాడు. దారి పొడుగునా అవతలి సిపాయిలు "వెళ్లొస్తావేటి బావా", "జాగర్త మావా" అంటుంటే ప్రతి ఒక్కరికీ ఆగి ఆగి సమాధానం చెబుతున్నాడు.

ఒక్క తాళిబొట్టుతో జాతీయ సంపద ఆవిరైపోయిందని తెలిసి ముఖ్య కార్యాలయం మండిపడింది. ఇక సగం చర్యలు లాభం లేదనుకుని ఆర్డినెన్సు తెచ్చారు. అవతలి వారూ అదే వారంలో అలాంటిదే తెచ్చారు. మేజర్ గారు మళ్లీ బస్తా ఎక్కారు.

"సైనికుల మధ్య, సైనికులకూ పౌరులకూ మధ్య గల సర్వ బంధుత్వములు నేటి సూర్యోదయము నుండి రద్దు చేయడమైనది. తండ్రి, తల్లి, భార్య, సంతానం, సోదర, బావ, మరది ఇత్యాదులన్నియు రద్దు. పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా పాత అధినేత గారికీ వారి కుమారులకూ గల బంధుత్వమునకు మాత్రం మినహాయింపు ఇవ్వడమైనది. ఇక ఎవరినైనను కాల్చవచ్చును. కందకంలోకి!"

ఎవరూ కదల్లేదు. దానయ్య రెండడుగులు ముందుకొచ్చి సెల్యూట్ కొట్టాడు.

"సార్, నాకు పెళ్లి రద్దయింది కాబట్టి నేను మళ్లీ బంధురహితుణ్ణేనా?"

"నిస్సందేహంగా" అన్నారు మేజర్ గారు సంతోషంగా.

"మరి నన్ను కందకంలోకి పంపాలంటే అటూ ఇటూ బంధువులు ఉన్న సైనికులు అడ్డం నిలబడాలి కదా సార్."

"గురువులు ఉన్నాడుగా."

"నాకెవులూ లేరు బాబూ. ఇప్పుడే సదివినారు" అన్నాడు గురువులు.

మేజర్ గారు దళం మొత్తం మీద కళ్లు తిప్పారు. ఒక్కడికి కూడా ఎవరూ లేరు. అందరూ జాతీయ సంపదే. ఆయన విశ్వపతి గారి వైపు చూశారు. విశ్వపతి గారు కళ్లు మూసుకుని నియమాలన్నీ మనసులో నెమరువేసి, తెరిచారు.

"వీరిలో ఎవరినీ కందకంలోకి పంపరాదు. అందరికీ రెండు క్రోసుల వెనక పక్కా ఇళ్లు చూపించాలి. గుడ్లు కూడా పెట్టాలి."

"అన్ని గుడ్లు ఎక్కడివయ్యా?"

"అది నా శాఖ కాదు."

అవతలి వారికీ అదే నియమం, అదే చిక్కు కాబట్టి ఆ మధ్యాహ్నానికి రెండు గట్లూ ఖాళీ అయ్యాయి. ప్రభుత్వ ప్రకటనల్లో యుద్ధం యథావిధిగా భీకరంగా సాగుతోంది. గెడ్డ దాటే రేవు దగ్గర మాత్రం, రద్దయిన బంధుత్వాన్ని ఎవరూ చాటుగా వాడుకోకుండా చూడమని, విశ్వపతి గారిని కుర్చీతో సహా కూర్చోబెట్టారు. దారికి అడ్డంగా ఆయన, ఆయన వెనక ఇద్దరు కాపలావాళ్లు.

రెండు క్రోసుల వెనక అంతమందికి పక్కా ఇళ్లు లేకపోవడంతో ఎవరి చోటు వారే చూసుకోమన్నారు, సిపాయిలు తోచిన చోటికి వెళ్లారు. గురువులు ఏ దారిన గెడ్డ దాటాడో విశ్వపతి గారు చూడలేదు. తిరిగి వస్తుండగా మాత్రం చూశారు. నెత్తి మీద మూటతో నూకాలు, ఆమె వెనక గురువులు, అతని భుజం మీద పిల్ల. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఆగు" అన్నారు విశ్వపతి గారు. "ఈమె నీకేమవుతుంది?"

"ఏటీ అవదు బాబూ. రద్దయిపోనాది."

"ఈయన నీకేమవుతాడమ్మా?"

"ఏటీ అవడు" అంది నూకాలు. "ఇటే ఎల్తన్నాడు, నానూ ఇటే ఎల్తన్నాను."

"ఆ పిల్ల?"

"ఏటీ అవదు బాబూ."

విశ్వపతి గారు కండువా సర్దుకున్నారు. దొరికిపోయాడన్నట్టు ముందుకు వంగారు.

"ఏమీ కానప్పుడు మరి ఎందుకు ఎత్తుకున్నావు?"

గురువులు పిల్లను ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఏడుస్తంది బాబూ" అన్నాడు.

విశ్వపతి గారు లేచి, కుర్చీ మడిచి, దారి పక్కకు జరిగారు.